పాత పగులు

ఉసేనమ్మ దాన్ని గోనెసంచిలో చుట్టి
ఆటోలో పక్కన కూర్చోబెట్టుకొని తెచ్చింది.
రెండు సీట్ల చార్జీ ఇచ్చిందంట.

లారీ కమాను పట్టా.
సగానికి విరిగింది. మట్టి, గ్రీజు,
గ్రీజులో ఎక్కడో ఇరుక్కున్న ఒక టమాటా విత్తనం.
"దీంతో నాకు కత్తులు కావల్ల మౌనాచారీ.
ఉల్లిగడ్డలకొకటి, మిరక్కాయలకొకటి.
మిగిలింది నువ్వే పెట్టుకో."

డోన్ రైలుగేటు పక్కన ఆమెది ఉగ్గాని బండి.
మొగుని లారీని పాతినప అంగట్లో
కిలోల లెక్కన కోస్తా ఉంటే
పోయి నిలబడి, ఇదొక్కటీ అడిగి కొనుక్కుంది.

నాయిన ఇనుమును పేరు అడగడు, రవ్వను అడుగుతాడు.
గ్రైండరుకు అంచు తాకిస్తే
మెత్తటిదైతే రవ్వ పొడుగ్గా, సోమరిగా పోయి ఆరిపోతుంది.
గట్టిదైతే చివర్న చిట్లుతుంది, జొన్నకంకి పూత రాలినట్టు.
చిట్లింది.
"మంచి ఉక్కు" అన్నాడు.
మా కొట్టంలో అన్నీ రెండో బతుక్కు వచ్చినవే.
అరిగిన ఆకురాళ్ళు, బేరింగు గిన్నెలు,
బేతంచెర్ల బండలు కోసి కోసి పండ్లూడిన రంపపు చక్రాలు.
నేను తిప్పే తిత్తి చక్రం కూడా ఒకప్పుడు ఎవరిదో సైకిలు.

తర్వాత విరిగిన ముఖం తుడిచి ఎండకు తిప్పినాడు.
చానాసేపు తిప్పినాడు.
ముక్కాలు వంతు నలుపు, లోపలిదాకా తుప్పు,
కుంట ఎండేటప్పుడు నీళ్ళు దిగిన గుర్తుల మాదిరి
గీత వెనక గీత.
మిగిలిన కాలు వంతు మాత్రం
అప్పుడే పగలగొట్టిన కలకండ.

"ఉసేనమ్మా, లారీ పడితే విరిగింది కాదిది.
నెలల తరబడి విరుగుతా ఉండింది.
ఆ రాత్రికి మిగిలింది ఇంతే."
చిటికెనవేలి గోరు చూపించినాడు.

ప్యాపిలి అవతల దిగుడులో
పెద్ద మౌలాలి నిద్రపోయినాడని ఓనరు చెప్పినాడు.
కాగితంలో అట్లే ఎక్కింది.
ఫోన్ చేసి లేపింటే బతికుండునని
రెండేండ్లుగా ఆమె తన్ను తానే తిట్టుకుంటా ఉంది.

ఇప్పుడేమీ అనలేదు.
నల్లగీతల మీద గోరుతో ఒకసారి గీరింది.
కొంచేపటికి,
"కమాను మార్సల్లని శెప్తానే ఉండె.
ఉగాది పోనీ అన్నాడంట ఓనరు."

నాయిన నీళ్ళు పోస్తా, వేడి తగలనీకుండా
ఆ ముఖాన్ని బిళ్ళంత మందాన కోసి ఇచ్చినాడు.
"ఇది మాత్రం కొలిమిలో వేయను.
కాలితే చెప్పేది మర్సిపోతుంది."

మిగిలిన పట్టాను పొడుగంతా సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.
చప్పుడు తేడా వచ్చిన కాడ సుద్దముక్కతో గీత.
ఆ రెండు జానలూ పక్కకు పోయినాయి.

నేను చక్రం తిప్పితిని.
ఎరుపు, ఇంకా ఎరుపు, మోదుగుపువ్వు.
సమ్మెట కింద వంపు మర్సిపోయి పట్టా చదునైంది,
ఇన్నేండ్లు బరువుకు వంగి లేచిన ఇనుము.
పాత స్పీకర్లో తీసిన అయస్కాంతం ఇంక అంటుకోదన్నప్పుడు
బుడ్డల నూనెలో ముంచినాడు.
కొట్టమంతా బజ్జీల వాసన.
మొదటిది "టిక్" మనింది.
అంత చిన్న చప్పుడుకు నాయిన ముఖం అంతగా మారడం
నేను అదే చూడటం.
ఏమీ మాట్లాడకుండా దాన్ని మూలకేసి
మళ్ళీ మొదలుపెట్టినాడు.

రెండోది నిలిచింది. మూడోదీ నిలిచింది.
కొర్రగడ్డి రంగు తేలేదాకా సన్నసెగ మీద కాచి,
తుమ్మకట్టె పిడి, ఇత్తడి మేకులు.
వీపున మాత్రం సమ్మెట దెబ్బల నలుపు అట్లే ఉంచినాడు.

నాలుగో రోజు వచ్చి
గోరు మీద అలుగు ఆనించి చూసుకుంది.
"మున్నూరా? ఇనుము నాదే కదా!"
"నూనె నాది."
"నూటా ఎనభై. మీ పాపకు వారం రోజులు ఉగ్గాని."
నాయిన నా తట్టు చూసినాడు. నేను తలూపితిని.

కత్తులు గోనెసంచిలో, బిళ్ళ రవిక లోపల.
ఆటో ఎక్కుతా అనింది,
"ఫస్టు కోర్టు కాడ ఆపుప్పా.
ఆన్నుంచి ఉల్లిగడ్డల మండీకి."